ఫోన్ నలుపు, పిస్టల్ నలుపు: మెటల్ ఫినిష్ అసలు ఎలా పని చేస్తుంది?

కొత్త ఫోన్ కొని నెల తిరగకముందే అంచు దగ్గర నలుపు పోయి, కింద తెల్ల లోహం కనిపిస్తోందా? 'పెయింట్ ఊడింది' అనుకుంటాం. కానీ చాలా మెటల్ ఫోన్ల మీద పెయింటే ఉండదు. ఈ సంగతి తెలియాలంటే ఫోన్‌తో పాటు హ్యాండ్‌గన్‌ని కూడా పక్కన పెట్టుకుని చూడాలి. లోహాన్ని చెమట, తుప్పు, గీతల నుంచి కాపాడే కష్టం ఫోన్ కంపెనీల కన్నా చాలా ముందే తుపాకీ తయారీదారులకు వచ్చింది.

మనకి తెలిసిన పూతలతో మొదలుపెడదాం. ఇత్తడి గిన్నెకి కళాయి వేస్తే దాని మీద తగరం పొర చేరుతుంది. తిరుమల ఆనంద నిలయం మీదున్న బంగారు తాపడంలోనూ అడుగున రాగి రేకు, పైన బంగారం. అంటే ఒక లోహం మీద ఇంకోటి కప్పడం. బిదిరి పనిలో మాత్రం అలా కాదు. బీదరు కోట మట్టితో చేసిన మిశ్రమం తగలగానే జింకు లోహం తనే నల్లగా మారుతుంది, వెండి తీగ మెరుస్తూనే ఉంటుంది. ఈ రెండో దారినే ఇంజనీర్లు కన్వర్షన్ అంటారు. పై నుంచి ఏదీ పూయరు, లోహం పై పొరే వేరే పదార్థం అయిపోతుంది.

పాత రివాల్వర్ల మీద కనిపించే నీలి నలుపు 'బ్లూయింగ్' ఈ రకమే. ఉక్కు పైభాగం మాగ్నెటైట్ అనే నల్ల ఐరన్ ఆక్సైడ్ అవుతుంది. చూడ్డానికి బాగుంటుంది, మందం కూడా పెద్దగా పెరగదు కాబట్టి కదిలే భాగాలు బిగుసుకోవు. కానీ దాని కాపలా శక్తి చాలా తక్కువ, నూనె రాస్తేనే పని చేస్తుంది. తడ దగ్గరి తేమలోనో, తిరుపతి మే నెల చెమటలోనో నెలల తరబడి తోలు కవర్లో ఉంచేస్తే తుప్పు చుక్కలు ఖాయం. తోలు తేమనీ ఉప్పునీ పట్టుకుని కూర్చుంటుంది మరి. సైన్యాలు వాడిన 'పార్కరైజింగ్' దీనికన్నా మొరటు, కానీ నమ్మకమైనది. ఆ ఫాస్ఫేట్ పొర గరుకుగా ఉండి నూనెని పీల్చుకుని దాచుకుంటుంది.

గ్లాక్ పిస్టల్ స్లైడ్‌ది ఇంకో పద్ధతి, నైట్రైడింగ్. ఇందులో నైట్రోజన్ ఉక్కు లోపలికే దిగి, పైభాగాన్ని గట్టి చేస్తుంది. పైనున్న నలుపు అరిగిపోయినా ఆ గట్టిదనం అలాగే ఉంటుంది. సెరాకోట్ అంటారా, అది సెరామిక్ కలిపిన పూత. స్ప్రే చేసి, సుమారు 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచుతారు. ఏ రంగైనా దొరుకుతుంది కానీ 25 మైక్రాన్ల దాకా మందం పెరగొచ్చు. ఫోన్ కేస్‌కి అది లెక్కే కాదు, ఒకదాని మీద ఒకటి జారే పిస్టల్ భాగాలకి మాత్రం అదే పెద్ద తలనొప్పి.

ఇప్పుడు ఫోన్లకి వద్దాం. 2015 ఆగస్టులో మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంట్ నుంచి షావోమీ తొలి 'మేడిన్ ఇండియా' ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ వచ్చింది. అప్పట్లో అది చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. ఆ ఫోన్ వీపు ప్లాస్టిక్. 2017లో రెడ్‌మీ నోట్ 4 వచ్చేసరికి వీపులో ఎక్కువ భాగం అల్యూమినియమే. అల్యూమినియానికి బ్లూయింగ్ పనికిరాదు. ఆ వేడి కాస్టిక్ ద్రావణంలో ముంచితే నల్లబడదు సరికదా, కరిగిపోతుంది. అందుకే దీనికి యానోడైజింగ్ చేస్తారు. ఆమ్లంలో ముంచి కరెంట్ పంపితే పైన అల్యూమినియం ఆక్సైడ్ పెరుగుతుంది. అందులో కంటికి కనిపించని రంధ్రాల్లోకి రంగు దింపి మూత వేసేస్తారు.

ఆ ఆక్సైడ్ చాలా గట్టిది, సమస్యల్లా దాని కిందున్న అల్యూమినియం మెత్తగా ఉండటమే. మెత్తటి పరుపు మీద గాజు పలక పెట్టి ఊహించుకోండి. 2012లో నల్ల ఐఫోన్ 5 అంచుల్లో తెల్లగా చిట్లింది ఇలాగే. మరుసటి ఏడాది 5ఎస్‌లో యాపిల్ లేత స్పేస్ గ్రేకి మారింది. 2025లో ఐఫోన్ 17 ప్రో కెమెరా దిమ్మె అంచుల మీద గోల కూడా ఇదే కథ. పదునైన మూలల్లో ఈ పొర సరిగా నిలవదు. నా మటుకు నేను మెటల్ ఫోన్ తీసుకుంటే లేత రంగే తీసుకుంటా, గీత పడ్డా కనిపించదు.

టైటానియం సంగతి మరీ తమాషా. 2023లో ఐఫోన్ 15 ప్రో టైటానియం ఫ్రేమ్ మీద పీవీడీ అన్నారు, అంటే వాక్యూమ్‌లో ఆవిరి రూపంలో అతికించే అతి పల్చని పూత. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 2014లో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' .32 రివాల్వర్‌ని టైటానియం మిశ్రలోహంతో తెచ్చింది. బరువు సుమారు 500 గ్రాములు.

వీడియోలు చూసి 'ఇంట్లోనే చేసేద్దాం' అనుకునేవాళ్లకి ఒక మాట. ఫోన్ బ్యాక్‌ని ఉప్పుకాగితంతో రుద్ది మెరిపించొచ్చు, కానీ యానోడైజింగ్ పోయిన అల్యూమినియం చెమటకి మసకబారుతుంది. పైగా ఆ లోహపు పొడి స్పీకర్, చార్జింగ్ పోర్ట్‌లో చేరితే రిపేరే దిక్కు. లోపల బ్యాటరీ ఉండగా ఓవెన్ మాట తలపెట్టొద్దు.

తుపాకీ అయితే విషయం పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తయారీకే కాదు, రిపేర్ వ్యాపారానికి కూడా లైసెన్స్ కావాలి. కాబట్టి లైసెన్స్ ఉన్నాయన కూడా దాన్ని ఏ బైక్ పార్ట్స్ కోటింగ్ షాపులోనో వదిలి రాకూడదు. సెక్షన్ 8 ప్రకారం నంబర్ చెరపడం నేరం. చెరిపిన తుపాకీ మీ దగ్గర దొరికితే చెరిపింది మీరే అని చట్టం అనుకుంటుంది, కాదని మీరే నిరూపించుకోవాలి. పాలిష్ చేసేటప్పుడు నంబర్ 'అనుకోకుండా' అరిగిందన్నా వినరు. పైగా అరగదీసినా లాభం లేదు. నంబర్ గుద్దినప్పుడు కింద లోహం కూడా నలుగుతుంది కాబట్టి ల్యాబ్‌లో ఆమ్లం పూసి దాన్ని మళ్లీ చదవగలుగుతారు.

ఫోన్‌లో ఆ నంబర్‌కి జోడీ ఐఎంఈఐ. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం దాన్ని మారిస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటుంటే ముందు స్టార్ హాష్ 06 హాష్ కొట్టి, వచ్చిన నంబర్‌ని బాక్స్ మీదున్న దానితో పోల్చి చూడండి.