గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు

నల్లమల అంచు ఊళ్లకు పాము కొత్త కాదు. దోర్నాల, యర్రగొండపాలెం, అర్ధవీడు వైపు కంది, పత్తి, మిరప చేలకు రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయే రైతుకు, మార్కాపురం పలకల గనుల్లో రాళ్లు కదిపే కూలీకి, ఉక్కపోతకు నేల మీద చాప పరుచుకుని పడుకునే పిల్లలకు దాని భయం ఉండనే ఉంటుంది. గిద్దలూరు నుంచి ఒంగోలు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల పైమాటే. అందుకే పడమటి ప్రకాశంలో పాము కాటు తిన్నవారి ప్రాణం చాలావరకు దగ్గరలోని ఆసుపత్రిలో మొదటి గంటలో జరిగే వైద్యం మీదే ఆధారపడి ఉంటుంది.

2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా వేసింది. అంటే ఏటా దాదాపు 58 వేల మంది. వారిలో ఎక్కువమంది పల్లెల్లో, ఇంటి దగ్గరే ప్రాణాలు విడిచారు. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

కరిచింది ఏ పామో తెలియకపోయినా వైద్యం ఆగదు. రక్తపింజర, చిన్నపింజర విషం రక్తానికి గడ్డకట్టే గుణం లేకుండా చేస్తుంది. దాన్ని పట్టుకునే పరీక్షకు కావలసింది శుభ్రమైన, పొడి గాజు గొట్టం ఒక్కటే. నరం నుంచి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి అందులో పోస్తారు. ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా జారితే విషం ఎక్కినట్టే. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుపొడితో కడిగినదైనా ఫలితం తప్పుతుంది. మొదట బాగానే గడ్డకట్టినా అంతటితో వదిలేయకూడదు, పరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి.

విషం ఎక్కిందని తేలితే విరుగుడు మందు ఏఎస్‌వీ ఎక్కిస్తారు. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఇచ్చి, వాటి రక్తం నుంచి దీన్ని తయారుచేస్తారు. మొదటి మోతాదు సాధారణంగా పది వయళ్లు. పిల్లలకూ అంతే ఇస్తారు, పసివాడని పాము విషం తగ్గించి కాటేయదు కదా.

అయితే ఈ మందు కొందరికి పడదు. ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, ఆయాసం వస్తుంది, బీపీ పడిపోతుంది. ఆ భయంతోనే కొన్నిచోట్ల మందు చేతిలో ఉండి కూడా రోగిని పై ఆసుపత్రికి పంపేస్తుంటారు. ఈ చిక్కు మీద శ్రీలంక వైద్యులు 1,007 మంది రోగులతో పరిశోధన చేసి, 2011లో ఫలితాలు ప్రకటించారు. ఏఎస్‌వీకి ముందు చర్మం కింద కొద్దిపాటి అడ్రినలిన్ ఇస్తే తొలి గంటలో వచ్చే తీవ్రమైన రియాక్షన్లు 43 శాతం తగ్గాయి. చాలాచోట్ల అలవాటుగా ఇచ్చే హైడ్రోకార్టిజోన్, ప్రొమెథజీన్ మాత్రం ఆ రియాక్షన్లను ఆపలేకపోయాయి.

నాగుపాము, కట్లపాము దారి వేరు. వాటి విషం కండరాలను చచ్చుబడేస్తుంది. రోగిని తల కదపకుండా పైకి చూడమంటే రెప్పలు లేవవు. ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమంటే క్షణక్షణానికీ లెక్క తగ్గిపోతూ వస్తుంది. మత్తు డాక్టర్ల అనుభవం అక్కరకొచ్చేది ఇక్కడే. ఆపరేషన్ ముగిశాక కండరాలకు తిరిగి పట్టు రావడానికి వాళ్లు వాడే నియోస్టిగ్మిన్, అట్రోపిన్‌తో కలిపి ఇస్తే నాగుపాము కాటుకూ పనిచేస్తుంది. కట్లపాము కాటుకు దాన్ని నమ్ముకోలేం. నిద్రలో కరిస్తే నొప్పి తెలియదు, గాటు కనపడదు, తెల్లారేసరికి కడుపునొప్పి మొదలవుతుంది. శ్వాస ఆగిపోతే గొంతులో గొట్టం వేసి, వెంటిలేటర్ దొరికేదాకా అంబు బ్యాగ్ నొక్కుతూ ఊపిరి అందించాలి. ఆ సాయం ఆగకుండా అందితే పూర్తిగా చచ్చుబడిన మనిషి కూడా కొన్ని రోజుల్లో లేచి కూర్చుంటాడు.

నొప్పి తగ్గించే విషయంలోనూ జాగ్రత్త కావాలి. పారాసిటమాల్ ఇవ్వవచ్చు. రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి ఇవ్వకూడదు. ఊళ్లో నొప్పికి వేసే తుంటి ఇంజెక్షన్ రక్తం గడ్డకట్టని మనిషికి మరింత చేటు చేస్తుంది.

పాము కరిస్తే గట్టిగా తాడు కట్టకండి, గాటు కోయకండి, నోటితో పీల్చకండి. పసరు కోసం, మంత్రం కోసం ఊళ్లు తిరుగుతూ ఉన్న కాస్త సమయం పోగొట్టుకోకండి. ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్దకట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి. పామును చంపి తెచ్చే పని పెట్టుకోవద్దు. 108కి ఫోన్ చేసి, ఏఎస్‌వీ ఉన్న దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. వానలు మొదలయ్యే ముందే మీ మండలంలో ఆ మందు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని, ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచండి.