మిరప ఘాటు వాసన కాదు

కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో అద్దంకి చుట్టుపక్కల ఏ ఊళ్లో అడుగుపెట్టినా తుమ్ములు తప్పవు. ఇంట్లో పోపు మాడితే నానీమా కూడా దగ్గుతుంది. అది చూసి ఆమె ముక్కు చక్కగా పనిచేస్తోందని అనుకుంటాం. కాని అది సరైన పరీక్ష కాదు.

వాసనను మెదడుకు చేర్చేది ఘ్రాణనాడి. మంటను, ఘాటును, చలువను తెలిపేది ముఖంలోని వేరొక నాడి. మొదటిది దెబ్బతిన్నా రెండోది పనిచేస్తూనే ఉండవచ్చు. అందుకే మల్లెల వాసన తెలియని మనిషి కూడా మిరప ఘాటుకు తుమ్ముతాడు. జిందా తిలిస్మాత్, అమృతాంజనం వంటి ఘాటైన మందులు కూడా ఈ పరీక్షకు పనికిరావు.

మరి వైద్యులు ఎలా పరీక్షిస్తారు? అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ డోటీ బృందం 1984లో ఒక పద్ధతిని ప్రకటించింది. కాగితాన్ని గీకి వాసన చూసి, నాలుగు పేర్లలో సరైనదాన్ని గుర్తించాలి. అలా 40 వాసనలు. 1997లో జర్మనీ పరిశోధకులు సిరాకు బదులు వాసన ద్రవ్యాలు నింపిన కలాలతో మరో పరీక్షను వెలువరించారు. అయితే అమెరికా పరీక్షలో పిజ్జా, బబుల్ గమ్ వాసనలున్నాయి. వాటిని ఎరగని మన పెద్దలు తప్పు చెబితే అది ముక్కు లోపం కాదు. ఎవరికైనా పరిచయమైన వాసనలతోనే పరీక్ష చేయాలి.

ఇంట్లోనే ప్రాథమికంగా చూడవచ్చు. కాఫీ పొడి, దాల్చినచెక్క, నిమ్మ తొక్క, సబ్బు, జుమాకు పూసుకునే గులాబీ అత్తరు తీసుకోండి. జలుబు లేనప్పుడు, కళ్లు మూయించి, ఒక ముక్కురంధ్రం మూసి ఒక్కొక్కటే దగ్గర పెట్టండి. వాసన వస్తోందా అని ముందు అడగండి, ఏమిటని తర్వాత అడగండి. మధ్యలో ఒక ఖాళీ డబ్బా కూడా పెడితే ఊహించి చెబుతున్నారేమో తెలుస్తుంది. కొంచెం విరామమిచ్చి రెండో వైపు చూడండి.

ఇదంతా ఎందుకని కొందరు అడగవచ్చు. వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు, లీకైతే తెలియాలనే దుర్వాసన కలుపుతారు. ఆ హెచ్చరిక అందని వృద్ధురాలు ఒంటరిగా పొయ్యి వెలిగిస్తే ఎంత ప్రమాదం! 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎందరికో వాసన పోయింది, కొందరికి పూర్తిగా తిరిగి రాలేదు. వయసుతోనూ వాసన తగ్గుతుంది. పార్కిన్సన్ వ్యాధిలో చేతుల వణుకు కంటే ఏళ్ల ముందే తగ్గవచ్చు. తగ్గిందంటే ఆ జబ్బే అని భయపడకండి, ముక్కు డాక్టరుకు చూపించండి.

అంతవరకు రాత్రి పడుకునే ముందు గ్యాసు సిలిండరు కట్టేసే బాధ్యత ఇంట్లో మరొకరు తీసుకోవాలని మా మనవి.