మన వాకిటి బిళ్ళగన్నేరు

సూరత్ నగరంలో మన తెలుగు కుటుంబాలు నివసించే ఏ వాడకు పోయినా, గోడ వారగా ఎవరూ నాటకుండానే మొలిచి ఏడాది పొడవునా పూసే మొక్క ఒకటి కనిపిస్తుంది. గుజరాతీ సోదరులు దానిని ‘బారమాసీ’ అంటారు. మనకది బిళ్ళగన్నేరు. ఉదయపు నడకలో దాని ఆకులు తుంచి నమిలేవారిని మనం చూస్తూనే ఉన్నాము. మధుమేహానికి మంచిదని కొందరు, కేన్సర్‌ను సైతం కుదురుస్తుందని మరికొందరు చెబుతారు. ఇందులో నిజమెంత ఉన్నదో పాఠకులకు తెలుపదలచాము.

మడగాస్కర్ ద్వీపం ఈ మొక్కకు పుట్టినిల్లు. అక్కడి నుండి ఉష్ణదేశాలన్నిటా వ్యాపించింది. జమైకా ప్రజలు దీని ఆకుల కషాయాన్ని మధుమేహానికి సేవించేవారు. 1952లో ఆ ఆకులు కొన్ని కెనడాలోని డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు కవరులో అందాయి. ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన తన సోదరుడు రాబర్ట్ నోబుల్‌కు పంపారు. ఆకు సారం ఇచ్చిన ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు. కాని సూది ద్వారా ఇచ్చినపుడు రక్తంలోని తెల్లకణాలు పడిపోయి, ఎలుకలు రోగాల పాలై మరణించాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరగడమే ల్యుకేమియా కదా! ఆ ఆలోచనతో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ శ్రమించి విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేసి 1958లో ప్రకటించారు. అదే మొక్క నుండి వచ్చిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించింది.

కణం రెండుగా చీలేటపుడు దానిలో సన్నని దారాల వంటి నిర్మాణం ఏర్పడుతుంది. ఈ మందులు ఆ దారాలను ఏర్పడనీయవు. పడుగు సిద్ధం కానిదే మగ్గంపై నేత సాగదని మన నేతన్నలకు వేరే చెప్పనక్కరలేదు. అట్లే కణవిభజన ఆగిపోతుంది. ఒకనాడు పిల్లల ల్యుకేమియా అంటే మరణశాసనమే. విన్‌క్రిస్టిన్‌తో పాటు, మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం రూపొందించిన మెథోట్రెక్సేట్ వంటి మందులను కలిపి వాడడం వలన, మంచి వైద్య సదుపాయాలున్న దేశాలలో నేడు పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు.

అయితే ఆకు వేరు, మందు వేరు. వందల కిలోల ఎండుటాకు నుండి లభించే మందు ఒక గ్రాముకు అటూ ఇటూ మాత్రమే. విన్‌క్రిస్టిన్ ఒక మోతాదు సాధారణంగా 2 మిల్లీగ్రాములు మించదు. దానిని నరంలోకే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణాంతకం. ఆకులో ఎంత విషమున్నదో నమిలేవారికి ఎట్లా తెలుస్తుంది?

ఇటువంటి మరొక కథ మన రైలుదారిలోనే ఉన్నది. సూరత్ నుండి వరంగల్, విజయవాడల మీదుగా పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు దారిలో నందుర్‌బార్ తగులుతుంది. 1925లో ఆ ఊర జన్మించిన మన్సుఖ్ వాణీ అమెరికాలో మన్రో వాల్‌తో కలిసి, ఒక చైనా చెట్టు నుండి కాంప్టోథెసిన్‌ను కనుగొని 1966లో ప్రకటించారు. 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ అదే పదార్థాన్ని మన పడమటి కనుమల చెట్టులో గుర్తించారు. కాని రోగులపై తొలి పరీక్షలలో దాని విషప్రభావం తీవ్రంగా కనబడి ప్రయోగాలు నిలిచిపోయాయి. దాని రూపాన్ని మార్చి తయారు చేసిన టోపోటెకాన్, ఇరినోటెకాన్‌లకు అమెరికాలో అనుమతి వచ్చింది 1996లో. నడుమ ముప్పది సంవత్సరాలు గడిచాయి!

ఆ ముప్పది ఏళ్ళ శ్రమే విషాన్ని ఔషధంగా మార్చింది. కనుక మన ఇళ్ళలో ఎవరికైనా ఒంటిపై గడ్డ కనిపించినా, మానని పుండు ఉన్నా, కషాయాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలని మనవి. చికిత్స పొందుతున్నవారు ఇంటిలో ఏ ఆకు పసరు సేవిస్తున్నా వైద్యునికి దాచక చెప్పాలి. బిళ్ళగన్నేరు పూవును పూజకు ఉంచుదాము. మందును వైద్యుని చేతికి వదలుదాము.