ఒకరి వివరాలు మరొకరి స్క్రీన్‌పై.. సర్వర్ మాడ్యూల్‌లో తప్పు పట్టుకోవడం ఎలా?

ఒక స్కూలుకి ఫీజుల వెబ్‌సైట్ ఉందనుకుందాం. ఒక తల్లి తన ఫోన్‌లో పాప అడ్మిషన్ నంబర్ కొట్టింది. తెర మీద వేరే ఇంటి అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబర్, ఎంత బాకీ ఉందో అంతా కనిపించింది. కంగారుపడి మళ్లీ కొట్టింది. ఈసారి తన పాప వివరాలే సరిగ్గా వచ్చాయి. స్కూలుకి ఫోన్ చేస్తే వాళ్లు సైట్ తెరిచి చూసి, "మాకైతే బాగానే వస్తోందమ్మా" అన్నారు.

ఇలాంటప్పుడు అందరి నోటా ముందుగా వచ్చే మాట హ్యాకింగ్. కానీ హ్యాకర్ ఎవరూ లేకుండానే ఇది జరగొచ్చు. సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్ ముందు వచ్చిన మనిషి వివరాలను వదలకుండా పట్టుకుని కూర్చుంటే చాలు.

మన ఇళ్లలో అమీర్‌పేటలో కోర్సు చేసి సపోర్ట్ ఉద్యోగాల్లో చేరిన పిల్లలున్నారు. కొట్టుకో, స్కూలుకో సైట్ పెట్టించుకున్న పెద్దలూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా, ఇలాంటి తప్పులు ఎందుకొస్తాయో, ఏ వరసలో వెతకాలో చూద్దాం. ఉదాహరణకి మాడ్ పెర్ల్ అనే మాడ్యూల్‌ని తీసుకుందాం.

మాడ్ పెర్ల్ అంటే?

అపాచీ ఒక వెబ్ సర్వర్. 1995లో వచ్చింది. బ్రౌజర్‌లో చిరునామా కొడితే మనకు పేజీ అందించేది ఇలాంటి సర్వరే. పెర్ల్ అనేది లారీ వాల్ 1987లో తెచ్చిన స్క్రిప్టింగ్ భాష. మొదట్లో ఈ రెండూ సీజీఐ అనే పద్ధతిలో కలిసి పనిచేసేవి. ఎవరైనా పేజీ అడిగిన ప్రతిసారీ సర్వర్ కొత్తగా ఒక పెర్ల్ ప్రాసెస్‌ని లేపేది. అది స్క్రిప్ట్ మొత్తం చదివి, జవాబిచ్చి, ముగిసిపోయేది. వచ్చిన ప్రతి గిరాకీకీ కొత్తగా పొయ్యి వెలిగించి చాయ్ కాచినట్టు. చాయ్ తాజాగానే ఉంటుంది గానీ, గిరాకీలు పెరిగితే హోటల్ నడవదు.

1996లో వచ్చిన మాడ్ పెర్ల్ ఈ పెర్ల్‌ని తెచ్చి అపాచీ లోపలే కూర్చోబెట్టింది. స్క్రిప్ట్‌ని ఒకసారి చదివి మెమరీలో ఉంచుకుంటుంది. తరువాత వచ్చినవాళ్లందరికీ అక్కడి నుంచే జవాబిస్తుంది. పొయ్యి ఆరదు, గిన్నె దించరు. అందుకే వేగం బాగా పెరిగింది. అయితే కప్పు కడగడం మరిచిపోతే ముందు గిరాకీ చక్కెర తరువాతి గిరాకీ చాయ్‌లో కలుస్తుంది. మాడ్ పెర్ల్‌లో కనిపించే వింత తప్పుల్లో చాలావాటికి మూలం ఇదే.

ముందు లాగ్, ఆ తరువాతే కోడ్

బీకాం చదివినవాళ్లకు ఒక విషయం బాగా తెలుసు. ట్రయల్ బ్యాలెన్స్ కుదరకపోతే అంకెలు మార్చేసి కుదర్చకూడదు. ఓచర్లు తీసి ఒక్కొక్కటీ సరిచూడాలి. సర్వర్‌కి ఓచర్ల కట్ట లాంటిది ఎర్రర్ లాగ్.

సైట్ మీద 500, ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్ అని వస్తే దాన్ని బట్టి ఏమీ తెలియదు. లోపలి విషయాలు బయటివాళ్లకు కనపడకూడదని కారణాన్ని అక్కడ చూపించరు. అది లాగ్‌లో ఉంటుంది. ఉబుంటు, డెబియన్ సర్వర్లలో అయితే వార్ ఫోల్డర్ లోపలి లాగ్ ఫోల్డర్‌లో అపాచీ2 అనే చోట చూడాలి. రెడ్ హ్యాట్ రకం సర్వర్లలో అదే చోట హెచ్‌టీటీపీడీ అని ఉంటుంది.

లాగ్ తెరిచి పెట్టుకుని సైట్‌ని ఒక్కసారి రిఫ్రెష్ చేయండి. అప్పుడు చివర్లో కొత్తగా పడిన లైన్లే మీకు కావాల్సినవి. టైమ్ కూడా చూస్కోవాలి. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే మన టైమ్ కన్నా అయిదున్నర గంటలు వెనక చూపిస్తుంది. ఇది గమనించక పొద్దున్నటి ఎర్రర్ కోసం తప్పు చోట వెతికేవాళ్లున్నారు.

ఆ లైన్ చదివితే తప్పు ఏ రకమో చాలావరకు తేలిపోతుంది.

'కాంట్ లొకేట్' అని మొదలైతే, పెర్ల్ వెతికే ఫోల్డర్ల జాబితాలో ఆ మాడ్యూల్ దొరకలేదని అర్థం. "టెర్మినల్‌లో నడుస్తోంది, బ్రౌజర్‌లో నడవట్లేదు" అనే ఫిర్యాదుకి ఇదొక ముఖ్య కారణం. టెర్మినల్‌లో నడిపింది మీరు, మీ పేరుతో. సర్వర్ మాత్రం వేరే యూజర్‌గా నడుస్తుంది. ఉబుంటులో ఆ యూజర్ పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. మీ సొంత ఫోల్డర్‌లో పెట్టిన మాడ్యూల్ దానికి కనపడకపోవచ్చు. మాడ్యూల్ ఉన్న ఫోల్డర్ పూర్తి దారిని అపాచీ కాన్ఫిగరేషన్‌లో పెర్ల్ స్విచెస్ అనే లైన్‌లో ఇస్తే సరిపోతుంది.

'పర్మిషన్ డినైడ్' అని వస్తే ఆ యూజర్‌కి ఫైల్ చదివే హక్కు లేదని అర్థం. అన్నిటికీ 777 హక్కులు ఇచ్చేస్తే పని జరిగినట్టే కనిపిస్తుంది గానీ, తాళం చెవి దొరకలేదని ఇంటి తలుపులన్నీ పీకేయడం లాంటిది అది. కావాల్సిన ఫైల్‌కి, కావాల్సినంత హక్కే ఇవ్వాలి.

'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని వస్తే మీ స్క్రిప్ట్‌లో గంటలకొద్దీ వెతకడం కన్నా ముందు వెర్షన్లు చూడండి. మాడ్ పెర్ల్ 1 అపాచీ 1.3 కోసం, మాడ్ పెర్ల్ 2 అపాచీ 2 కోసం తయారైనవి. పెర్ల్‌ని అప్‌గ్రేడ్ చేసి, పాత పెర్ల్‌తో కట్టిన మాడ్యూళ్లను అలాగే వదిలేసినా సర్వర్ ఇలా కూలిపోవచ్చు. వాటిని కొత్త పెర్ల్‌తో మళ్లీ కట్టుకోవాలి.

ఇంకో అలవాటు. కాన్ఫిగరేషన్ ఫైల్ ముట్టుకున్న ప్రతిసారీ, రీస్టార్ట్ చేయకముందే అపాచీ ఇచ్చే కాన్ఫిగ్ టెస్ట్ నడపండి. కామా తప్పు ఉంటే అక్కడే చెప్పేస్తుంది. లేకపోతే నడుస్తున్న సైట్ ఆగిపోయి, మళ్లీ లేవదు.

కోడ్ మార్చినా సైట్ మారట్లేదా?

కొట్టు యజమానికీ, సైట్ చూసే కుర్రాడికీ మధ్య ఇలాంటి మాటలు నడుస్తుంటాయి.

"ఏం భాయ్, నిన్న సరిచేసిన అన్నవు కదా? రేటు ఇంకా పాతదే చూపిస్తుంది."

"మార్చిన సాబ్. ఫైల్‌ల చూడండి, కొత్త రేటే ఉంది."

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. డిస్క్ మీద ఫైల్ మారింది. మెమరీలో ఉన్నది మారలేదు. మాడ్ పెర్ల్‌లో రిజిస్ట్రీ కింద నడిచే స్క్రిప్ట్ మారితే అది తేదీ చూసి మళ్లీ చదువుకుంటుంది. కానీ ఆ స్క్రిప్ట్ పిలిచే విడి మాడ్యూళ్లను మళ్లీ చదవదు. ఒకసారి చదివాం కదా అని వదిలేస్తుంది. రేట్ల లెక్క అలాంటి మాడ్యూల్‌లో ఉంటే సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. పరీక్షలకు వాడే సర్వర్‌లో మాత్రం అపాచీ2 రీలోడ్ అనే మాడ్యూల్ పెట్టుకుంటే ఈ పని అదే చూసుకుంటుంది.

ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు

ఇప్పుడు ఫీజుల సైట్ సంగతికి వద్దాం. అపాచీ సాధారణంగా ఒకే ప్రాసెస్‌గా ఉండదు. ఒక పెద్ద ప్రాసెస్ కింద కొన్ని చైల్డ్ ప్రాసెస్‌లు ఉంటాయి. ప్రతి చైల్డ్‌కీ సొంత మెమరీ. మీ రిక్వెస్ట్ ఏ చైల్డ్ చేతికి వెళ్తుందో చెప్పలేం. అందుకే అమ్మకి ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగ్గా కనిపించింది. స్కూలు వాళ్లకు తప్పు కనపడలేదు.

ఇక తప్పు ఎక్కడ పుట్టిందంటే.. స్క్రిప్ట్ పైభాగంలో 'మై' అని ఒక వేరియబుల్ పెట్టి, అందులో అడ్మిషన్ నంబర్ ఉంచుతారు. కింద రాసిన సబ్‌రొటీన్ దాన్ని నేరుగా వాడుకుంటుంది. సీజీఐలో ఇది సమస్య కాదు. కానీ మాడ్ పెర్ల్ రిజిస్ట్రీ మొత్తం స్క్రిప్ట్‌ని ఒక పెద్ద సబ్‌రొటీన్‌లో చుట్టేస్తుంది. దాంతో మనం రాసిన సబ్‌రొటీన్ దాని లోపలిదైపోతుంది. ఈ లోపలిది మొదటిసారి నడిచినప్పటి వేరియబుల్‌నే పట్టుకుని ఉంటుంది. రెండో మనిషి నంబర్ పైన మారినా, ఆ మార్పు లోపలికి చేరదు. ఆ చైల్డ్‌కి వచ్చిన మొదటి మనిషి వివరాలే తరువాతి అందరికీ వెళ్తాయి.

ఒకే నంబర్ పదిసార్లు కొట్టి పరీక్షించేవాడికి ఇది ఎప్పటికీ దొరకదు. పట్టుకోవాలంటే పరీక్ష సర్వర్‌లో అపాచీని హైఫన్ పెద్ద ఎక్స్ అనే ఆప్షన్‌తో నడపాలి. అప్పుడు ఒక్కటే ప్రాసెస్ ఉంటుంది. ఒక నంబర్ కొట్టండి, వెంటనే ఇంకో నంబర్ కొట్టండి. రెండోసారి కూడా మొదటి వివరాలే వస్తే తప్పు దొరికినట్టే. ఇక అదృష్టం మీద ఆధారపడే పని లేదు, ప్రతిసారీ కనిపిస్తుంది.

స్క్రిప్ట్‌లో 'యూజ్ వార్నింగ్స్' ఉండి ఉంటే, ఈ వేరియబుల్ పంచుకుని ఉండదు అనే అర్థం వచ్చే 'విల్ నాట్ స్టే షేర్డ్' హెచ్చరిక లాగ్‌లో ముందే పడి ఉంటుంది. సైట్ నడుస్తోంది కదా అని దాన్ని పట్టించుకోకపోతేనే ఇంతదాకా వస్తుంది. మందు సులువే. సబ్‌రొటీన్‌కి కావాల్సిన విలువను పిలిచేటప్పుడే చేతికివ్వాలి. లేదా ఆ సబ్‌రొటీన్లను విడి మాడ్యూల్‌లోకి మార్చాలి. గ్లోబల్ వేరియబుళ్లు తప్పనిసరైతే, ప్రతి రిక్వెస్ట్ మొదట్లో వాటిని ఖాళీ చేయాలి. కప్పు కడిగాకే చాయ్ పోయాలి.

బాగయ్యేదాకా సైట్ ఆపాలా?

పేజీ నెమ్మదిగా వస్తోందంటే నడిపిస్తూనే సరిచేయొచ్చు. ఒకరి వివరాలు మరొకరికి కనిపిస్తుంటే మాత్రం ఆ పేజీని వెంటనే ఆపాలి. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగైనట్టు కనిపిస్తుంది, ఎందుకంటే మెమరీ ఖాళీ అయింది. కానీ కారణం అక్కడే ఉంది. మళ్లీ జరుగుతుంది. ఆడపిల్ల ఫోన్ నంబర్ ఒకసారి ఎవరికో చేరాక దాన్ని వెనక్కి తెచ్చే రీస్టార్ట్ ఏదీ లేదు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, ఇలా వివరాలు బయటపడితే సంబంధిత వ్యక్తులకు తెలియజేయాలని చెబుతోంది.

సరిచేయడానికి సాయం అడుగుతూ లాగ్‌ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. అందులో పేర్లు, ఫోన్ నంబర్లు, డేటాబేస్ వివరాలు ఉండొచ్చు. వాటిని తీసేసి, అవసరమైన లైన్లే పంపండి.

సైట్ యజమానులు అడగాల్సిన ప్రశ్నలు

కోడ్ రాకపోయినా ఈ నాలుగూ అడగొచ్చు. లాగ్‌లో ఏమని వచ్చింది? ఆ తప్పుని మళ్లీ మళ్లీ వచ్చేలా చేసి చూశారా? ఇద్దరు వేర్వేరు మనుషుల వివరాలతో వెంటవెంటనే పరీక్షించారా? మార్చిన కోడ్‌ని సర్వర్ మళ్లీ చదువుకుందా?

"రీస్టార్ట్ చేశాను, ఇప్పుడు బాగుంది" అనేది వీటిలో దేనికీ జవాబు కాదు. కారణం చెప్పమనండి. చెప్పగలిగితేనే పని పూర్తయినట్టు.