ఫోన్ లెక్కలో పిల్లాడి వయసు నలభై

2020 సెప్టెంబర్ 1న తెలంగాణ సర్కారు బడుల్లో ఆన్‌లైన్ చదువు మొదలైంది. టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్లలో పాఠాలు వచ్చేవి. టీవీ లేని ఇళ్లలో నాన్న ఫోనే దిక్కయింది. బడులు తెరిచి ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు.

అలా పిల్లల చేతికొచ్చిన ఫోన్‌లో తగని సైట్లను ఆపడానికి అన్నిటికన్నా తేలికైన దారి డీఎన్ఎస్ వడపోత. సైటు పేరు కొట్టగానే ఫోన్ ముందు డీఎన్ఎస్ సర్వర్‌ని ఆ పేరుకున్న అంకెల చిరునామా అడుగుతుంది. పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపొందించిన ఏర్పాటు ఇది. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 ఏప్రిల్‌లో తెచ్చిన 1.1.1.3 సర్వర్, అశ్లీల సైటు పేరు అడిగితే 0.0.0.0 అని జవాబిస్తుంది. అక్కడ ఏ సైటూ ఉండదు కనుక పేజీ తెరుచుకోదు. ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లలో సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర 'ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ హైఫన్ డీఎన్ఎస్ డాట్ కామ్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే చాలు. పైసా ఖర్చు లేదు. వైఫైలోనూ, మొబైల్ డేటాలోనూ పనిచేస్తుంది.

అయితే ఈ వడపోత కవరు మీది అడ్రసే చూస్తుంది, లోపలి ఉత్తరం చదవదు. యూట్యూబ్ అన్న పేరుకు అడ్డు చెప్పదు. లోపల నడిచే వీడియో ఏమిటో దానికి తెలియదు. వాట్సాప్ గ్రూపులో వచ్చిపడే క్లిప్ సంగతీ అంతే. వీపీఎన్ యాప్ వేస్తే ఆ అడ్రసూ కనబడకపోవచ్చు.

యాప్ లోపల జల్లెడ పట్టాలంటే చూసేదెవరో యాప్‌కి తెలియాలి. మన ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫోన్ నాన్నది, అకౌంటూ నాన్నదే. ఐదో తరగతి పిల్లాడు కార్టూన్ చూస్తున్నా యాప్ లెక్కలో చూస్తున్నది నలభై ఏళ్ల మనిషి. రాత్రి నాన్న చూసిన వీడియోల వరసలోవే పొద్దున పిల్లాడి ముందుకొస్తాయి. 18 ఏళ్లలోపు వారి ఆన్‌లైన్ నడవడిని గమనించరాదని, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అంటోంది. నాన్న అకౌంట్‌లో కూర్చున్న పిల్లాడిని ఆ చట్టం కూడా గుర్తుపట్టలేదు.

భాషది మరో బెడద. తెలుగు బూతుని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు; అచ్చు ఒకటి పెరిగినా తగ్గినా మాటల జాబితాతో పనిచేసే వడపోతకు అది కొత్త మాటే.

పిల్లలకు సొంత ఫోన్ ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో అసలు వయసుతోనే అకౌంట్ తెరవండి. ఉన్నది ఒక్క ఫోనే అయితే యూట్యూబ్ కిడ్స్ వేసి, ఒక్కో బిడ్డకు ఒక్కో ప్రొఫైల్ పెట్టండి. మీరు ఎంచిన వీడియోలే కనబడేలా అందులో వీలుంది. ఫోన్ ఇచ్చేముందు స్క్రీన్ పిన్ చేసి, విప్పడానికి లాక్ అడిగేలా పెడితే ఆ యాప్ దాటి బయటికి రాలేరు.

ఎవరైనా బిడ్డకు అసభ్య చిత్రం పంపినా, పంపమని వేధించినా ఏ సెట్టింగూ ఆపలేదు. ఫోన్ లాక్కుంటారన్న భయం ఉంటే పిల్లలు ఆ మాట ఇంట్లో చెప్పరు. చెప్పిన రోజున తిట్టకండి, మెసేజ్ చెరపకండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.