సంజాయిషీ, ఉత్తర్వు, జప్తు: పరోక్ష పన్ను వివాదాల్లో ‘నోటీసు’ అన్న ఒక్క మాట

ఉపోద్ఘాతం

పరోక్ష పన్నుల వివాదాలను గురించిన తెలుగు వార్తల్లో ‘వ్యాపారికి జీఎస్టీ నోటీసు’ అన్న ప్రయోగం తరచు కనిపిస్తుంది. ఆ వ్యాపారి సమాధానం చెప్పుకోవలసిన దశలో ఉన్నాడా, అప్పీలు చేసుకోవలసిన దశలో ఉన్నాడా, లేక అతని బ్యాంకు ఖాతా అప్పటికే స్తంభించిందా అన్నది ఈ మాటవల్ల తెలియదు. చట్టంలో ఇవి మూడు వేర్వేరు దశలు. ఒక్కొక్క దశకు ఒక పత్రం, ఒక గడువు ఉన్నాయి. ఈ తేడా తెలియక గడువు దాటించుకొన్నవారు, ఆ పన్ను న్యాయమైనదా కాదా అని అడిగే హక్కునే కోల్పోవచ్చు. ఆ మూడు దశలను, వాటికి తెలుగులో వాడుకలో ఉన్న మాటలతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు శాఖలవారికి పన్ను చట్టంతో పనేమిటన్న ప్రశ్న రావచ్చు. పత్రికలకు, అనువాద రంగానికి వెళ్లే విద్యార్థులు మన తరగతుల నుంచే వెళ్తున్నారు.

సంజాయిషీ దశ

చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదని, వసూలు చేయరాదని రాజ్యాంగంలోని 265వ అధికరణం చెబుతుంది. అందువల్ల అధికారి తనకు తోచిన మొత్తాన్ని నేరుగా వసూలు చేయలేడు. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం ప్రకారం ముందుగా కారణాలతో నోటీసు ఇవ్వాలి. మోసం, ఉద్దేశపూర్వకంగా దాచడం వంటివి లేని సందర్భాలకు సెక్షన్ 73, ఉన్నవాటికి సెక్షన్ 74 వర్తిస్తాయి. 2024-25 ఆర్థిక సంవత్సరం నుంచి ఈ రెండింటి స్థానంలో సెక్షన్ 74ఎ వచ్చింది. ఈ నోటీసు సారాంశం డీఆర్‌సీ-01 అనే నమూనాలో అందుతుంది.

ఈ పత్రంలోని అంకె ఇంకా బాకీ కాదు, ప్రతిపాదన మాత్రమే. ప్రతికూల నిర్ణయం తీసుకోబోయే ముందు వ్యక్తిగతంగా వినిపించుకొనే అవకాశం ఇవ్వాలని సెక్షన్ 75(4) నిర్దేశిస్తుంది. తుది ఉత్తర్వులో మొత్తం నోటీసులోని మొత్తాన్ని మించరాదని, నోటీసులో లేని కారణాలపై పన్ను నిర్ధారించరాదని సెక్షన్ 75(7) అంటుంది. కనుక తరువాతి వివాదమంతటికీ హద్దులు గీసేది ఈ మొదటి పత్రమే.

దీనికి వాడుకలో ఉన్న ‘సంజాయిషీ నోటీసు’లో సంజాయిషీ అంటే వివరణ. అర్థం సరిగానే ఉంది. అయితే కార్యాలయాల తెలుగులో ‘సంజాయిషీ అడిగారు’ అనగానే తప్పు చేశాడన్న ధ్వని వస్తుంది. ఆ ధ్వనికి బెదిరి, వివరణ ఇవ్వకుండా మౌనంగా ఉండిపోయే చిన్న వ్యాపారి తన వాదనకున్న మొదటి అవకాశాన్ని తానే వదులుకొంటాడు.

ఉత్తర్వు దశ

వివరణ విన్న తరువాత గాని, వివరణ రానప్పుడు గాని అధికారి ఉత్తర్వు ఇస్తాడు. దాని సారాంశం డీఆర్‌సీ-07. ప్రతిపాదన ఇక్కడ బాకీగా మారుతుంది. ఆ క్షణం నుంచి రెండు గడియారాలు నడుస్తాయి. సెక్షన్ 78 ప్రకారం మూడు నెలల్లో చెల్లించాలి. ప్రభుత్వ ఆదాయ ప్రయోజనం దృష్ట్యా, కారణాలు రాసి, అధికారి ఈ వ్యవధిని తగ్గించవచ్చు. సెక్షన్ 107 ప్రకారం మూడు నెలల్లో అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే మరొక నెల ఆలస్యాన్ని మన్నించవచ్చు. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం జమచేసి అప్పీలు దాఖలు చేస్తే మిగిలిన మొత్తం వసూలు నిలిచిపోతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. నాలుగో నెల అప్పీలుకే గాని చెల్లింపుకు లేదు. ఆ నెలలో అప్పీలు సిద్ధం చేసుకొంటున్నవారి ఖాతాపై వసూలు చర్య మొదలుకావడానికి చట్టం అడ్డురాదు.

గడువు ఎంత కఠినమైనదో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక వ్యాజ్యం చూపింది. కాకినాడలోని వాణిజ్య పన్నుల అధికారికీ గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ సంస్థకూ మధ్య నడిచిన ఈ వివాదం 2005 నాటి రాష్ట్ర వ్యాట్ చట్టానికి సంబంధించినది. ఆ చట్టంలో అప్పీలుకు 30 రోజులు, మన్నింపుతో మరో 30 రోజులు గడువు. 2017 జూన్‌లో అందిన ఉత్తర్వుపై సంస్థ 2018 సెప్టెంబరులో అప్పీలు చేసింది. అది తిరస్కరణకు గురికాగా, 226వ అధికరణం కింద రిట్ వేసింది. ఉమ్మడి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. సుప్రీంకోర్టు 2020 మే 6న హైకోర్టు తీర్పును రద్దుచేసింది. చట్టం విధించిన గరిష్ఠ గడువు ముగిశాక రిట్ అధికారంతో ఆ గడువును నిష్ఫలం చేయరాదన్నది దాని సారాంశం. ఇంత పెద్ద సంస్థకే ఈ గతి పట్టిందంటే వీధి చివరి దుకాణదారు సంగతి చెప్పనక్కరలేదు. జీఎస్టీ అప్పీళ్ల విషయంలో మాత్రం హైకోర్టుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కాలపరిమితి చట్టంలోని సెక్షన్ 5 ఇక్కడా వర్తిస్తుందని కలకత్తా హైకోర్టు 2023లో అన్నది.

వసూలు దశ

సెక్షన్ 79 వసూలుకు అనేక మార్గాలు చూపుతుంది. వాటిలో డీఆర్‌సీ-13 విలక్షణమైనది. అది వ్యాపారికి కాక, అతనికి డబ్బు ఇవ్వవలసిన బ్యాంకుకో ఖాతాదారుకో వెళ్తుంది. పాటించకపోతే వారే బకాయిదారులుగా పరిగణన పొందుతారు. సరుకును, ఆస్తిని జప్తుచేసి అమ్మడం మరొక మార్గం. కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలాగా రాబట్టడం ఇంకొకటి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు 1864 నాటి రెవెన్యూ వసూలు చట్టం పేరు మార్చుకొని ఇందుకు నేటికీ ఉపయోగపడుతోంది.

ఈ దశకు తెలుగులో మాటల కొరత లేదు. జప్తు, వసూలు, బకాయి, తాఖీదు అన్నీ అరబ్బీ మూలాలనుంచి, పాలనా భాషగా ఉన్న పారశీకం ద్వారా వచ్చి రైతు నోట స్థిరపడినవి. శిస్తు పాలన మనకు వసూలుచేసేవాని పదజాలాన్ని పుష్కలంగా ఇచ్చింది. చెల్లించేవాడు ప్రశ్నించే దశలకు అంత స్పష్టమైన మాటలను ఇవ్వలేదు. సెక్షన్ 83 కింద ఉత్తర్వుకు ముందే జరిగే తాత్కాలిక జప్తును, ఉత్తర్వు తరువాతి జప్తును కూడా పత్రికలు ‘ఖాతా స్తంభన’ అనే రాస్తున్నాయి. మొదటిది ఒక సంవత్సరం దాటితే చెల్లదు. రెండోదానికి ఆ పరిమితి లేదు.

నోటీసు అందడం

సెక్షన్ 169 ప్రకారం నోటీసును చేతికివ్వవచ్చు, రిజిస్టరు తపాలాలోనో ఈమెయిల్‌లోనో పంపవచ్చు, పోర్టల్‌లోనూ ఉంచవచ్చు. ‘నోటీసులు, ఉత్తర్వులు’, ‘అదనపు నోటీసులు, ఉత్తర్వులు’ అని పోర్టల్‌లో రెండు చోట్ల ఉండడంవల్ల రెండోది చూడని వ్యాపారులు వివరణ ఇవ్వకుండానే ఉత్తర్వుకు గురయ్యారు. ఇటువంటి కేసులు ఢిల్లీ, మద్రాసు హైకోర్టులకు చేరాయి. అనేక సందర్భాల్లో న్యాయస్థానాలు విచారణను మళ్లీ మొదటికి పంపాయి; కొన్నిట కొంత మొత్తం జమచేయాలన్న షరతు పెట్టాయి. సాధారణంగా ఆ పత్రాలు ఆంగ్లంలో ఉంటాయి. తెలుగు మాత్రమే చదవగల వ్యాపారికి మొదటి అనువాదకుడు అతని అకౌంటెంటు, రెండోవాడు విలేఖరి.

ఈ కారణంగా మూడు దశలకు ‘ప్రతిపాదన నోటీసు’, ‘నిర్ణయ ఉత్తర్వు’, ‘వసూలు నోటీసు’ అన్న పేర్లను పత్రికారచన, అనువాద పాఠ్యాల్లో వేరువేరుగా బోధించవచ్చునని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ‘సంజాయిషీ’ని పూర్తిగా విడిచిపెట్టనక్కరలేదు, కానీ దాని పక్కన ‘ప్రతిపాదన’ అన్న మాట ఉండాలి. వార్తలో పత్రం పేరుతోపాటు అది అందిన తేదీ కూడా రాయాలి. అప్పీలు గడువు లెక్క మొదలయ్యేది ఆ తేదీనుంచే.