ప్రసవ పూర్వ సంరక్షణ

ప్రసవ పూర్వ సంరక్షణ అనగా గర్భం నిర్ధారణ అయిన నాటి నుండి నొప్పులు మొదలయ్యే వరకు తల్లికి, గర్భస్థ శిశువుకు క్రమం తప్పకుండా అందవలసిన వైద్య పరీక్షలు, మందులు, టీకాలు మరియు ఆహార సలహాల సముదాయం. దీనినే గర్భిణీ సంరక్షణ అని కూడా అంటారు. గర్భం వ్యాధి కాదు. అయినప్పటికీ రక్తహీనత, అధిక రక్తపోటు, మధుమేహం వంటివి బయటికి ఏ లక్షణమూ కనిపించకుండా ముదిరిపోయే అవకాశం ఉన్నందున, బాధ ఏమీ లేకపోయినా గర్భిణి పరీక్షలు చేయించుకోవాలి.

భారతదేశంలో 2004-06 మధ్య ప్రతి లక్ష సజీవ జననాలకు 254 మంది తల్లులు మరణించగా, 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు తగ్గింది. అదే కాలంలో (2018-20) తెలంగాణలో ఈ సంఖ్య 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఆసుపత్రి ప్రసవాలతో పాటు గర్భిణీ సంరక్షణ విస్తరించడం కూడా ఈ తగ్గుదలకు ఒక కారణం.

చరిత్ర

పూర్వం వైద్యులు, మంత్రసానులు ప్రసవ సమయంలోనే తల్లిని చూసేవారు. గర్భకాలంలో కూడా వైద్య పర్యవేక్షణ అవసరమని 1901లో స్కాట్లండుకు చెందిన వైద్యుడు జాన్ విలియం బాలంటైన్ గట్టిగా ప్రతిపాదించాడు. 1929లో బ్రిటిష్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఏయే వారాలలో పరీక్షలు జరపాలో ఒక పట్టికను నిర్దేశించింది. అనేక దేశాలు చాలాకాలం దానినే అనుసరించాయి.

ఈ చరిత్రలో భారతదేశానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. 1928లో బొంబాయి వచ్చిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణులలో కనిపించే తీవ్రమైన రక్తహీనతను పరిశోధించింది. ఈస్టు నుండి తీసిన మార్మైట్ అనే పదార్థం దానిని నయం చేస్తుందని 1931లో ప్రకటించింది. అందులోని గుణకారి పదార్థమే తరువాతి కాలంలో ఫోలిక్ ఆమ్లంగా ప్రసిద్ధి చెందింది. ఈనాడు ప్రతి గర్భిణికీ ఇచ్చే మాత్రలలో అది ఉంటుంది.

నెలల లెక్క

గర్భకాలాన్ని చివరి బహిష్టు మొదటి రోజు నుండి 280 రోజులు, అనగా 40 వారాలుగా లెక్కిస్తారు. ఆ తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే ప్రసవం జరుగవచ్చునని అంచనా వేసే తేదీ వస్తుంది. ఉదాహరణకు చివరి బహిష్టు జనవరి 1న మొదలైతే, అంచనా తేదీ అక్టోబరు 8 అవుతుంది. ఇళ్ళలో పెద్దవారు నెల తప్పిన నాటి నుండి లెక్కించడం వలన వారి లెక్కకు, వైద్యుల లెక్కకు సుమారు నాలుగు వారాల తేడా వస్తుంది. ఆసుపత్రిలో తేదీని మాత్రమే చెప్పడం మంచిది.

పరీక్షల కాలపట్టిక

భారత ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం కనీసం నాలుగు పరీక్షలు జరగాలి.

* మొదటిది: 12 వారాలలోపు (గర్భం నమోదు కూడా ఇప్పుడే జరుగుతుంది)
* రెండవది: 14 - 26 వారాల మధ్య
* మూడవది: 28 - 34 వారాల మధ్య
* నాలుగవది: 36 వారాల నుండి ప్రసవం లోపు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఈ సంఖ్యను ఎనిమిదికి పెంచింది. ఇవి కనీస సంఖ్యలు మాత్రమే. ఇబ్బందులు ఉన్నవారు వైద్యులు పిలిచినప్పుడల్లా వెళ్ళాలి.

మొదటి త్రైమాసికం

నెల తప్పిన వెంటనే మూత్ర పరీక్షతో గర్భాన్ని నిర్ధారించుకొని, ఆశా కార్యకర్త లేదా ఏ.ఎన్.ఎం. వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. అప్పుడు ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డులో ప్రతి పరీక్ష ఫలితాన్నీ వ్రాస్తారు.

మొదటి పరీక్షలో బరువు, ఎత్తు, రక్తపోటు చూస్తారు. మునుపటి కాన్పులు, గర్భస్రావాలు, ఆపరేషన్లు, కుటుంబంలోని జబ్బుల వివరాలు అడుగుతారు. మేనరికం అయితే ఆ సంగతి దాచకుండా చెప్పాలి. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్, రక్తవర్గం, చక్కెర, హెచ్.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్-బి చూస్తారు. ఇవన్నీ తల్లి నడవడిని శంకించి చేసేవి కావు. వ్యాధి ముందే తెలిస్తే బిడ్డకు సోకకుండా చాలావరకు నివారించవచ్చును.

తల్లిది నెగటివ్ రక్తవర్గమై, తండ్రిది పాజిటివ్ అయితే ప్రత్యేక శ్రద్ధ అవసరం. అటువంటి తల్లికి 28 వారాల వద్ద, బిడ్డ పాజిటివ్ అయితే ప్రసవమైన 72 గంటలలోపు యాంటీ-డి ఇంజెక్షను ఇస్తారు. ఇది మొదటి బిడ్డ కంటే తరువాతి బిడ్డలకు రక్షణ.

బిడ్డ మెదడు, వెన్నుపాము మొదటి వారాలలోనే ఏర్పడతాయి కనుక ఈ దశలో ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడాలి. గర్భం కోరుకునేవారు ముందునుండే వాడటం మరింత శ్రేయస్కరం. వేవిళ్ళు సహజమే. అయితే మంచినీళ్ళు కూడా ఇమడనంతగా వాంతులైతే ఆసుపత్రికి వెళ్ళాలి.

రెండవ త్రైమాసికం

నాలుగవ నెల నుండి రోజుకొక ఐరన్ - ఫోలిక్ ఆమ్లం మాత్ర చొప్పున కనీసం 180 రోజులు, ప్రసవం తరువాత మరో 180 రోజులు వాడాలి. వీటి వలన మలం నల్లగా రావడం సహజం. దానికి భయపడి మానరాదు. కాల్షియం మాత్రలు రోజుకు రెండు వాడాలి. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగితే ఇనుము సరిగా వంటబట్టదు. కనుక వాటి మధ్య కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి. నులిపురుగుల నివారణకు ఒకసారి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు.

ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా టీడీ టీకాను నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులుగా వేస్తారు. ఇంతకు ముందు టీటీ టీకా వేసేవారు. ఈ టీకా, శుభ్రమైన ప్రసవాల ఫలితంగా 2015లో భారతదేశం నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది.

18 - 20 వారాల మధ్య చేసే స్కానింగును మన ప్రాంతంలో టిఫా స్కాన్ అంటారు. బిడ్డ గుండె, మెదడు, వెన్నెముక వంటి అవయవాలలో లోపాలు ఉన్నవేమో ఇందులో తెలుస్తుంది. దీనిని ఆలస్యం చేయరాదు. స్కానింగులో ఆడా మగా అని చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. చెప్పమని కోరే కుటుంబ సభ్యులు కూడా శిక్షార్హులే.

24 - 28 వారాల మధ్య చక్కెర పరీక్షను మళ్ళీ చేస్తారు. 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటల తరువాత రక్తం తీస్తారు. ఫలితం 140 మిల్లీగ్రాములు లేదా అంతకు మించితే గర్భకాల మధుమేహంగా పరిగణిస్తారు. చాలామందిలో ఇది ఆహార నియమాలతోనే అదుపులోకి వస్తుంది. ప్రసవం తరువాత సాధారణంగా తగ్గిపోతుంది కాని, మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం ఉన్నందున తరువాత కూడా పరీక్షించుకోవాలి.

మూడవ త్రైమాసికం

ఈ దశలో రక్తపోటు అత్యంత కీలకమైనది. 20 వారాల తరువాత రక్తపోటు 140/90 లేదా అంతకు మించి, మూత్రంలో మాంసకృత్తులు పోతుంటే దానిని గర్భకాల వాతపు పూర్వస్థితిగా భావిస్తారు. నిర్లక్ష్యం చేస్తే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం కలుగవచ్చు. పాదాల వాపు చాలామందికి వచ్చేదే. ముఖం, చేతులు కూడా ఉబ్బితే ఉపేక్షించరాదు.

ప్రతి పరీక్షలోనూ గర్భాశయం ఎత్తు, బిడ్డ గుండె చప్పుడు (నిమిషానికి 110 - 160), చివరి వారాలలో బిడ్డ తల క్రిందికి ఉన్నదో లేదో చూస్తారు. బిడ్డ కదలికలను తల్లి స్వయంగా గమనించుకోవాలి. నెలలు నిండాక కదలికలు తగ్గడం సహజమనే మాట సరికాదు. తగ్గినట్లు అనిపిస్తే ఆ రోజే వెళ్ళి చూపించుకోవాలి.

మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం తెలుగువారి ఆచారం. సీమంతం జరిపించి పంపేటప్పుడు చీర సారెలతో పాటు కార్డు, రక్త పరీక్షల కాగితాలు, స్కానింగు రిపోర్టులు తప్పక పంపాలి. పుట్టింటి ఊరి ఆరోగ్య కార్యకర్తకు వెంటనే తెలియజేయాలి. ఒక ఊరి లెక్కలో నుండి తొలగి మరొక ఊరి లెక్కలో చేరని ఆ కొద్ది వారాలలోనే పరీక్షలు తప్పిపోతూ ఉంటాయి.

ఆహారం - అపోహలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత అనీ, 7 కంటే తక్కువైతే తీవ్రమైనదనీ అంటారు. తోటకూర, మునగాకు, పప్పులు, రాగులు, వేరుశనగలు, గుడ్లు, మాంసం తీసుకోవాలి. నిమ్మ, ఉసిరి, జామ ఇనుము వంటబట్టడానికి తోడ్పడతాయి. భోజనంతో పాటు టీ, కాఫీలు త్రాగరాదు. గర్భకాలంలో సుమారు 10 - 12 కిలోల బరువు పెరగడం ఆరోగ్యకరం.

* తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు సులువవుతుందనేది అపోహ. బరువు తక్కువ బిడ్డకు పుట్టిన తరువాత కష్టాలు ఎక్కువ.
* కుంకుమపువ్వు పాలు త్రాగితే బిడ్డ తెల్లగా పుడుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. రంగు తల్లిదండ్రుల జన్యువులను బట్టి వస్తుంది.
* గ్రహణం నాడు కదిలితే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందనేది కూడా నిజం కాదు. ఆ పేరుతో రోజంతా ఉపవాసం ఉండటం, మందులు మానడం హానికరం.

ముహూర్తపు కాన్పులు

పై సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ప్రసవాలు సిజేరియన్ ద్వారా జరిగినవి. జాతీయ సగటు 21.5 శాతం మాత్రమే. అవసరమైన చోట ఈ ఆపరేషను ప్రాణరక్షకం. కాని నక్షత్రం, తిథి చూసి ముందుగానే ఆపరేషను కోరడం మంచిది కాదు. వైద్యపరమైన కారణం లేకుండా 39 వారాలలోపు బిడ్డను బయటికి తీస్తే ఊపిరితిత్తులు పక్వం కాక శ్వాస ఇబ్బందులు రావచ్చు.

ప్రమాద సూచనలు

క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయక 108 వాహనాన్ని పిలవాలి.

* ఏ నెలలోనైనా రక్తస్రావం
* తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్
* ఉమ్మనీరు పోవడం
* బిడ్డ కదలికలు తగ్గడం లేదా ఆగిపోవడం
* తీవ్రమైన కడుపునొప్పి, అధిక జ్వరం, ఆయాసం

ప్రసవానికి ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, రాత్రివేళ ఎవరు తోడు వస్తారో, రక్తం అవసరమైతే ఎవరు ఇస్తారో ఎనిమిదవ నెలలోనే ఇంటివారు నిశ్చయించుకోవాలి.

ప్రభుత్వ సహాయం

* జననీ సురక్ష యోజన (2005): ఆసుపత్రి ప్రసవాలకు ఆర్థిక ప్రోత్సాహం.
* జననీ శిశు సురక్ష కార్యక్రమం (2011): ప్రభుత్వ ఆసుపత్రులలో సిజేరియన్‌తో సహా ప్రసవం, మందులు, పరీక్షలు, రవాణా ఉచితం.
* ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ (2016): ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు.
* ప్రధానమంత్రి మాతృ వందన యోజన (2017): మొదటి కాన్పుకు 5,000 రూపాయలు. రెండవ కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు ఇచ్చే నిబంధన తరువాత చేరింది.

వీటన్నిటికీ గర్భం నమోదు ప్రధానం. అందువలన మొదటి మూడు నెలలలోనే పేరు నమోదు చేయించుకోవాలి.